ట్రింకోమలీ: యుద్ధం అయిపోయాక పుట్టిన యుద్ధనౌక

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

యుద్ధనౌక గురించి ప్రసంగం అనగానే ఫిరంగుల మోత వినవచ్చునని వచ్చినవారు కొందరు ఉంటారు. వారికి ముందే చెప్పేయడం మర్యాద. ఈ సాయంత్రం నేను చెప్పబోయే ఓడ 1817లో నీళ్ళలోకి దిగింది. ఈనాటికీ నీళ్ళ మీదే ఉంది. ఈ రెండు వందల ఏళ్ళలో అది మరో ఓడతో ఒక్క యుద్ధం కూడా చేయలేదు. అందుకే బతికింది అని నా వాదన. కాదనేవారు చివర్లో నిలదీయవచ్చు.

పేరు ‘ట్రింకోమలీ’. శ్రీలంక తూర్పు తీరంలో ఉన్న రేవు పేరే దీనికి పెట్టారు. నౌకాదళం బ్రిటన్‌ది. కట్టింది బొంబాయిలో. కట్టినవారు పార్సీలు. కలప మలబారు టేకు. ఇక నమూనా అయితే ఫ్రెంచివారిది. 1782లో బ్రిటిష్‌వారు ‘ఎబే’ అనే ఫ్రెంచి ఫ్రిగేటును పట్టుకుని, దాని ఒడ్డూ పొడవూ కొలుచుకుని, ఆ కొలతలతో తమకంటూ ఒక కోవ ఓడలు తయారు చేసుకున్నారు. ‘లీడా’ తరగతి అంటారు వాటిని. శత్రువు ఓడ బాగుందనిపిస్తే దాన్ని నకలు చేసుకోవడానికి ఎవరూ సిగ్గుపడేవారు కారు. ఫ్రిగేటు అంటే మరీ పెద్దది కాదు, మరీ చిన్నదీ కాదు. మూడు తెరచాప కొయ్యలు, ఒకే పూర్తి వరుస ఫిరంగులు. వేగంగా పోతుంది, గస్తీ తిరుగుతుంది, వార్త మోస్తుంది. మన ఓడ ఫిరంగుల డెక్కు పొడవు 150 అడుగులు, వెడల్పు 40 అడుగులు.

ఆర్డరు 1812 అక్టోబరు 30న ఇచ్చారు. అప్పటికి నెపోలియన్ రష్యాలో ఉన్నాడు, యుద్ధం మంచి ఊపు మీద ఉంది. మరి ఇంగ్లండు వదిలి బొంబాయిలో ఎందుకు కట్టించాలి? ఓక్ కలప చాలక. ఇరవై ఏళ్ళుగా ఆగకుండా ఓడలు కడుతుంటే ఏ అడవి మిగులుతుంది? పైగా ఓక్‌కు ఒక జబ్బు ఉంది. అందులో ఉండే ఆమ్లం ఇనుప మేకులను తినేస్తుంది. టేకులో నూనె ఉంటుంది, అది ఇనుమును కాపాడుతుంది. చెద పట్టదు, తొందరగా కుళ్ళదు. నావికులకు టేకంటే ఒక భయం మాత్రం ఉండేది. గుండు తగిలి చెక్క పేలినప్పుడు టేకు పేడు గుచ్చుకుంటే ఆ గాయం చీము పట్టి ఒక పట్టాన మానదని చెప్పుకునేవారు. మన ఓడలో ఎవరికీ ఆ అనుభవం కలిగే అవకాశం రాలేదనుకోండి.

కట్టింది వాడియాల కుటుంబం. లవ్జీ నస్సర్వాన్జీ వాడియా 1736లో సూరతు నుంచి బొంబాయికి వచ్చాడు. అప్పటి నుంచి డాక్‌యార్డులో పెద్ద మేస్త్రీ పదవి తరతరాలుగా ఆ ఇంట్లోనే ఉంది. మన ఓడ నాటికి ఆ పదవిలో ఉన్నది జంషెడ్జీ బొమన్జీ. ఈయన 1810లో ‘మిండెన్’ అనే 74 ఫిరంగుల ఓడను కట్టి ఇచ్చాక, బొంబాయివారికి యుద్ధనౌకలు చేతకావన్న లండన్ నోళ్ళు మూతపడ్డాయి. ఆయన గురించి ఒక కథ చెప్పుకుంటారు. తాను కట్టిన ఒక ఓడలో, ఎవరి కంటా పడని అడుగు దూలం మీద ‘ఈ ఓడను ఒక పాపిష్టి నల్లవాడు కట్టాడు’ అని చెక్కించాడట. ఏళ్ళ తరువాత ఆ ఓడ మరమ్మతుకు వచ్చినప్పుడు దాన్ని బయటపెట్టి అందరికీ చూపించాడట. అంతకుముందు ఆయన ఎన్నెన్ని మాటలు పడి ఉంటాడో మనం ఊహించుకోవచ్చు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఘట్టానికి వస్తున్నాను. ట్రింకోమలీ నమూనా పటాలను లండన్ నుంచి బొంబాయికి ‘జావా’ అనే ఫ్రిగేటులో పంపారు. అదే ఓడలో బొంబాయికి కొత్త సైన్యాధిపతిగా నియమితుడైన జనరల్ హిస్లాప్ కూడా ఉన్నాడు. అప్పటికి అమెరికాతో కూడా బ్రిటన్‌కు యుద్ధం నడుస్తోంది. 1812 డిసెంబరు 29న బ్రెజిల్ తీరానికి దూరంగా జావాకు ‘కాన్‌స్టిట్యూషన్’ అనే అమెరికా ఫ్రిగేటు ఎదురుపడింది. కొన్ని గంటల పోరాటం తరువాత జావా తెరచాప కొయ్యలన్నీ కూలిపోయి, కెప్టెన్ ప్రాణాంతకంగా గాయపడి లొంగిపోయింది. ఇక ఈడ్చుకుపోవడానికి కూడా పనికిరాదని అమెరికన్లు దాన్ని తగలబెట్టారు. దానితోపాటు మన ఓడ పటాలూ పోయాయి. లండన్‌లో మళ్ళీ గీయించి ఇంకో ఓడలో పంపవలసి వచ్చింది.

ఆ కాన్‌స్టిట్యూషన్ 1797 నాటిది. ఇప్పటికీ బోస్టన్ రేవులో తేలుతూనే ఉంది. ఈనాడు ప్రపంచంలో నీళ్ళ మీద తేలే పాత యుద్ధనౌకలను లెక్కపెడితే మొదటి పేరు దానిది, దాని వెనకే మన ట్రింకోమలీ. పుట్టకముందే జాతకం చించేసిన ఓడ పక్కనే వరుసలో నిలబడింది.

పటాలు వచ్చాక కూడా పని ఎత్తుకోలేదు. ఈ లోపు బొంబాయివారు కార్న్‌వాలిస్, వెల్లెస్లీ అనే రెండు పెద్ద ఓడలు కట్టి ఇచ్చారు. ట్రింకోమలీకి అడుగు దూలం వేసింది 1816లో. నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధం అయిపోయి అప్పటికి ఏడాది కావస్తోంది. నెపోలియన్ సెయింట్ హెలెనా ద్వీపంలో బందీగా ఉన్నాడు. ఎవరిమీద యుద్ధానికని ఆర్డరు ఇచ్చారో ఆ మనిషి లేడు, యుద్ధమూ లేదు. అయినా కాగితం కదిలింది కాబట్టి ఓడ కట్టారు. ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసినవారు ఈ సభలో ఉంటే వారికి నేను వివరించవలసిన పని లేదు.

మొదలుపెట్టినప్పుడు జంషెడ్జీ పార్సీ ఆచారం ప్రకారం ఆ దూలంలోకి వెండి మేకు ఒకటి కొట్టాడు. ఓడకు క్షేమం కలగాలని. పని తీరు కూడా చూడదగ్గది. పడమటి తీరపు వడ్రంగులు పలకలను ఊరికే అంచుకు అంచు ఆనించి వదిలేసేవారు కారు. ఒక పలక అంచు రెండోదానిలో కూర్చునేలా గాడి తీసి, మధ్యలో గుగ్గిలం, నూనె కలిపిన ముద్ద పూసి, దాని మీద పల్చగా దూది పరచి బిగించేవారు. పని నిదానంగా సాగుతుంది. కానీ ఒకసారి బిగిశాక నీరు చొరబడడం కష్టం.

ఇక్కడ మన తీరం సంగతి ఒక్క మాట చెప్పుకుని ముందుకు పోదాం. ఓడలు కట్టే విద్య బొంబాయి ఒక్కదాని సొత్తు కాదు. గోదావరి పాయ మీద మన కోరంగిలో, పక్కనే తాళ్ళరేవులో సముద్రం దాటే ఓడలు కట్టేవారు. 1839 నవంబరు తుపానులో కోరంగి కొట్టుకుపోయింది. బొంబాయికి డాక్‌యార్డు ఉంది, కంపెనీ దస్త్రాలు ఉన్నాయి, పెద్ద మేస్త్రీల పేర్లు దస్త్రాలకు ఎక్కాయి. కోరంగి వడ్రంగులలో మనకు తెలిసిన పేరు ఒక్కటి ఉంటే చెప్పండి.

సరే, 1817 అక్టోబరు 12న ఓడ నీళ్ళలోకి దిగింది. ఖర్చు సుమారు 23,000 పౌన్లు. ఇంగ్లండుకు తీసుకువెళ్ళడం మరుసటి ఏడాది. దారిలో, 1819 జనవరి 24న, సెయింట్ హెలెనాలో ఆగింది. నెపోలియన్ మీద పోరాడమని కట్టిన ఓడ నెపోలియన్ జైలు ముందు లంగరు వేసింది! ఆరు రోజులు ఉండి వెళ్ళేటప్పుడు ఒక ప్రయాణికుడిని ఎక్కించుకుంది. ఆయన పేరు జాన్ స్టోకో, నౌకాదళ వైద్యుడు.

స్టోకో చేసిన నేరం ఏమిటంటే వైద్యం. ఆ నెల మధ్యలో ఒక రాత్రి నెపోలియన్‌కు సుస్తీ చేస్తే ఈయనను పిలిపించారు. చూసి కాలేయ వ్యాధి అన్నాడు. ఆ మాట ద్వీపం గవర్నరు హడ్సన్ లోకు గిట్టలేదు. కాలేయ వ్యాధి అంటే ద్వీపం నీళ్ళు, గాలి మంచివి కావని అర్థం. అంటే బ్రిటిష్ ప్రభుత్వం బందీని రోగాల చోట ఉంచిందని లోకం అనుకుంటుంది. నాలుగైదు సార్లు చూసి వచ్చేసరికి స్టోకో అక్కడ ఉండలేని పరిస్థితి వచ్చింది. ఇంటికి పోతానని ట్రింకోమలీ ఎక్కాడు. కథ అక్కడితో ముగిస్తే బాగుండేది. ఇంగ్లండు చేరాక ఆయనను మళ్ళీ సెయింట్ హెలెనాకే పంపించారు. గొడవ సద్దుమణిగిందనుకుని వెళ్ళాడు పాపం. దిగగానే నౌకాదళ విచారణ. ఆరోపణలలో ఒకటి వినండి: వైద్య నివేదికలో ‘జనరల్ బోనపార్ట్’ అని రాయకుండా ‘రోగి’ అని రాశాడట. ఉద్యోగం ఊడింది. రోగిని రోగి అన్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్న వైద్యుడు చరిత్రలో ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు.

ట్రింకోమలీ 1819 ఏప్రిల్ 30న పోర్ట్స్‌మత్ చేరింది. చేరి ఏం చేసింది? ఏమీ చేయలేదు. తెరచాప కొయ్యలు పీకి, డెక్కు మీద పైకప్పు వేసి పక్కన కట్టేశారు. పాతికేళ్ళు పైగా అలాగే ఉంది. యుద్ధం ముగిశాక బ్రిటన్ దగ్గర ఇలాంటి ఓడలు లెక్కకు మించి ఉన్నాయి. దీని తోబుట్టువే ‘యూనికార్న్’, 1824 నాటిది. దానికైతే తెరచాప కొయ్యలే పెట్టలేదు, తెరచాపలు ఎత్తి ఒక్కసారి కూడా సముద్రం మీదికి పోలేదు. అది కూడా స్కాట్లండులోని డండీలో ఇప్పటికీ ఉంది. అదే తరగతిలో పేరు మోసిన ఓడ ‘షానన్’. 1813లో అమెరికా ఫ్రిగేటు ‘చెసపీక్’ను పావుగంటలో లొంగదీసుకుంది. బ్రిటన్ అంతా దాని పేరు జపించింది. ఆ షానన్‌ను ఎప్పుడో విరగ్గొట్టేశారు. ఆ తరగతిలో నేడు మిగిలినవి రెండే, రెండూ పని లేక కూర్చున్నవే.

1845లో ఎవరికో దీని సంగతి గుర్తొచ్చింది. వెనుక భాగం మార్చి, ఫిరంగులు తగ్గించి, ఉన్న 26 ఫిరంగులనూ బరువైనవి పెట్టి, కార్వెట్ అని, అంటే ఫ్రిగేటు కన్నా ఒక మెట్టు కింది యుద్ధనౌక అని, కొత్త హోదా ఇచ్చారు. 1847లో, అంటే పుట్టిన ముప్పై ఏళ్ళకు, మొదటిసారి ఉద్యోగంలో చేరింది. మూడేళ్ళు ఉత్తర అమెరికా, వెస్టిండీస్ వైపు. హైతీలో అల్లర్లు జరిగితే వెళ్ళి రేవులో నిలబడింది. క్యూబా మీదికి దండు వస్తోందంటే కాపలా కాసింది. బానిసల ఓడలను పట్టే గస్తీ తిరిగింది. న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్ వైపు వెళ్ళింది. కనబడి భయపెట్టడమే సగం పని.

1852లో రెండో కొలువు, కెప్టెన్ వాలెస్ హూస్టన్ కింద, పసిఫిక్ మహాసముద్రానికి. 1854లో రష్యాతో క్రిమియా యుద్ధం మొదలైంది. ఇదిగో, ఇప్పుడైనా అనుకుంటున్నారా? పసిఫిక్ దళం అధిపతి రియర్ అడ్మిరల్ డేవిడ్ ప్రైస్ రష్యా తూర్పు కొసన కమ్చట్కాలోని పెట్రొపావ్లోవ్‌స్క్ రేవు మీదికి ఓడలు తీసుకుని బయలుదేరాడు. ట్రింకోమలీని మాత్రం వ్యాపార ఓడలకు కాపలాగా కాలిఫోర్నియా వైపు పంపేశాడు. ఆగస్టు 30న, దాడి మొదలు కావలసిన సమయానికి, ప్రైస్ తన గదిలోకి వెళ్ళి పిస్తోలుతో కాల్చుకున్నాడు. ఎందుకన్నది ఈనాటికీ తేలలేదు. దాడి విఫలమైంది, చాలామంది చచ్చిపోయారు. మన ఓడ వేల మైళ్ళ దూరంలో క్షేమంగా ఉంది. ఆ ఏళ్ళలోనే ఒకసారి బేరింగ్ జలసంధి దాకా పైకి పోయి, ఫ్రాంక్లిన్ కోసం వెతుకుతున్న ఓడలకు సామగ్రి అందించింది. ఫ్రాంక్లిన్ అనే అన్వేషకుడు 1845లో ఆర్కిటిక్ మంచులోకి పోయాడు, ఆయనతో కలిపి 129 మంది తిరిగి రాలేదు. తొమ్మిదేళ్ళు గడిచినా ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

ఈ ఓడ ఎవరికీ హాని చేయలేదని మీకు అభిప్రాయం కలిగిస్తే నేను అబద్ధం చెప్పినట్టే. 1856 వేసవి చివర, ఇప్పటి కెనడా పడమటి తీరంలో, వాంకోవర్ ద్వీపం మీద ఒక సంఘటన జరిగింది. కవిచన్ లోయలో తథ్లాసుట్ అనే స్థానిక నాయకుడు థామస్ విలియమ్స్ అనే వలసదారుణ్ణి తుపాకీతో కాల్చాడు. విలియమ్స్ గాయపడ్డాడు కానీ చనిపోలేదు. గవర్నరు జేమ్స్ డగ్లస్ నాలుగు వందల మందికి పైగా నావికులను, సైనికులను వెంటబెట్టుకుని ట్రింకోమలీ మీద బయలుదేరాడు. ఆ దీవుల మధ్య గాలిని నమ్ముకుంటే లాభం లేదు. అందుకని హడ్సన్ బే కంపెనీవారి ‘ఆటర్’ అనే చిన్న ఆవిరి ఓడ దీన్ని తాడు కట్టి లాక్కుపోయింది. రాణిగారి యుద్ధనౌకను తోలు వ్యాపారి పడవ లాగడం! తెరచాపల కాలం అయిపోయిందని చెప్పడానికి నాకు అంతకన్నా మంచి దృశ్యం తోచదు. ఒడ్డుకు దిగి, ఆ మనిషిని పట్టుకుని, అక్కడికక్కడే విచారణ జరిపి, నేరం జరిగిన చోటికి దగ్గరలోనే అతని జాతివారు చూస్తుండగా ఉరితీశారు. తగిలిన గాయం ఒకరికి, పోయిన ప్రాణం ఇంకొకరిది. ఫిరంగి పేలనంత మాత్రాన ఆయుధం వాడనట్టు కాదు. ఇప్పుడు ఆ దీవుల మధ్య నీటిదారి పేరు ట్రింకోమలీ చానల్, కెప్టెన్ హూస్టన్ పేరిట పక్కనే మరో దారి. పటం మీద ఈ పేర్లు చూసేవారికి ఆ ఉరి సంగతి కనబడదు.

1857లో ఇంటికి తిరిగి వచ్చింది. మరో మూడేళ్ళకు ఇనుప పొట్ట, ఆవిరి యంత్రం ఉన్న ‘వారియర్’ నీళ్ళలోకి దిగింది. దానితో కొయ్య ఓడల యుగం చప్పున ముగిసింది. ట్రింకోమలీకి బడి పంతులు ఉద్యోగం ఇచ్చారు. 1860లలో ఈశాన్య ఇంగ్లండులో, ముందు సండర్లాండులో, తరువాత వెస్ట్ హార్టిల్‌పూల్‌లో, నౌకాదళ రిజర్వు మనుషులకు ఫిరంగి విద్య నేర్పే ఓడ అయింది. 1877లో సౌతాంప్టన్‌కు మార్చారు. 1897లో పాత సామానుగా అమ్మేశారు.

అదే ఏడాది ఇంకొకరికి ఓడ పోయింది. జెఫ్రీ వీట్లీ కాబ్ అనే సంపన్నుడు, బ్రిటిష్ నౌకాదళ వీరుడు నెల్సన్ ఒకప్పుడు నడిపించిన ‘ఫూద్రోయాంట్’ అనే ఓడను తుక్కు వ్యాపారుల చేతుల్లోంచి కాపాడి, బాగు చేయించి, ఊరూరా ప్రదర్శించేవాడు. 1897 జూన్‌లో బ్లాక్‌పూల్ దగ్గర గాలివానకు అది ఒడ్డుకు కొట్టుకుని పగిలిపోయింది. బోలెడు డబ్బు పోయింది కదా, ఇక చాలు అనుకుంటాడు మామూలు మనిషి. కాబ్ వెళ్ళి ట్రింకోమలీని కొన్నాడు. పోయిన ఓడ పేరే దీనికి పెట్టాడు. చనిపోయిన బిడ్డ పేరు తరువాతి బిడ్డకు పెట్టుకోవడం మన ఇళ్ళలోనూ ఉన్నదే. అలా దాదాపు తొంభై ఏళ్ళు ఇది ఫూద్రోయాంట్. ముందు ఫాల్మత్‌లో, 1931లో కాబ్ పోయాక పోర్ట్స్‌మత్‌లో, యువతీయువకులకు సముద్ర జీవితం నేర్పే ఓడగా నడిచింది. ఆ ఓడలో ఊయల పడకల మీద పడుకున్న పిల్లల్లో చాలామందికి దీని అసలు పేరు తెలిసి ఉండదు.

పోర్ట్స్‌మత్‌లో దీనికి తోడుగా ‘ఇంప్లేకబుల్’ ఉండేది. ట్రఫాల్గర్ యుద్ధంలో ఫ్రెంచివారి పక్షాన పోరాడిన ఓడ అది. 1805లోనే బ్రిటిష్‌వారికి చిక్కింది. చరిత్ర రీత్యా ట్రింకోమలీ కన్నా ఎన్నో రెట్లు గొప్పది. రెండో ప్రపంచ యుద్ధానంతరం డబ్బు లేదన్నారు. 1949 డిసెంబరు 2న రెండు దేశాల జెండాలూ ఎగరేసి, పేలుడు పదార్థాలు పెట్టి సముద్రంలో ముంచేశారు. వాడియాల పెద్ద ఓడలకు కూడా మంచి గతి పట్టలేదు. చైనాతో నాన్కింగ్ ఒప్పందం 1842లో సంతకమైంది కార్న్‌వాలిస్ మీదే. దాన్ని చివరికి రేవులో దిగుడు వంతెనగా వాడుకుని విరగ్గొట్టారు. వెల్లెస్లీని 1940లో జర్మన్ విమానాలు థేమ్స్ నదిలో ముంచాయి. వందేళ్ళు దాటిన టేకు ఓడ మీద విమానం బాంబు వేయడం!

ట్రింకోమలీ వంతు 1987లో వచ్చింది. ఇక్కడ కాకతాళీయం ఒకటి ఉంది. నేను చెప్పిన ఇనుప ఓడ వారియర్‌ను 1979 నుంచి హార్టిల్‌పూల్‌లో పునరుద్ధరించారు. ఎనిమిదేళ్ళ పని. 1987 జూన్‌లో అది పోర్ట్స్‌మత్‌కు బయలుదేరి వెళ్ళింది. ఖాళీ అయిన చేతులకు పని కావాలి. జులైలో ట్రింకోమలీని ఒక పెద్ద బార్జి మీదికి ఎక్కించి హార్టిల్‌పూల్‌కే తీసుకొచ్చారు. నూట పాతికేళ్ళ కిందట తాను ఫిరంగి పాఠాలు చెప్పిన ఊరికే వచ్చింది. తన కాలాన్ని ముగించిన ఓడ మీద చేయి తిరిగిన పనివాళ్ళే దీన్నీ బాగుచేశారు. 1992లో పాత పేరు తిరిగి పెట్టారు. పని 2001 దాకా సాగింది, సుమారు కోటి పౌన్ల ఖర్చు. కట్టడానికి అయిన 23,000 పక్కన పెట్టి చూసుకోండి. ఇంత చేశాక కూడా ఓడలో సగానికి పైగా కలప బొంబాయిలో వేసినదే.

విశాఖలో బీచి మీద కుర్సురా జలాంతర్గామి లోపలికి వెళ్ళి వచ్చినవారు ఇక్కడ చాలామంది ఉంటారు. 2002లో దాన్ని ఒడ్డుకు లాగి మ్యూజియం చేశారు, మంచి పని చేశారు. అదే ముంబైలో పాత విక్రాంత్‌ను నిలుపుకోలేక 2014లో తుక్కుకు పంపించాం. 1971లో పోరాడిన ఓడ అది. ఓడ చేసిన సేవకూ దానికి దక్కే ఆయుష్షుకూ సంబంధం ఉంటుందని నేనైతే నమ్మను. ఎవరో ఒకరు ఏటేటా డబ్బు కట్టాలి. కట్టేవాడు దొరికేదాకా కలప ఆగాలి.

ఇంగ్లండులో పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు ఈ మధ్య మన ఊళ్ళ నుంచి ఎక్కువయ్యారు. న్యూకాజిల్, మిడిల్స్‌బ్రో వైపు పిల్లలున్నవారు హార్టిల్‌పూల్‌లో ఒక పూట గడపండి. ఫిరంగుల డెక్కు చూసి ఫొటో తీసుకుని వచ్చేయకండి. ఇంకో అంతస్తు కిందికి, నావికులు ఉన్న చోటికి దిగండి. పైన దూలాలు తలకు తగిలేంత కిందికి ఉంటాయి, వంగి నడవాలి. రెండు వందల మందికి పైగా ఆ చీకట్లో తిని, పడుకుని, పసిఫిక్ దాకా వెళ్ళి వచ్చారు. ఓడ పుట్టిన ముంబై డాక్‌యార్డును కూడా చూడాలని ఉంటే మాత్రం కష్టం. వాడియాల కాలం నాటి పాత డాకులు ఇంకా పనిచేస్తున్నాయి కానీ అది మన నౌకాదళం ఆవరణ, అనుమతి లేనిదే లోపలికి రానివ్వరు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి, ముందు వరుసలో అప్పుడే ఒక చెయ్యి లేచింది.